హలో ఎవరి గర్ల్‌ఫ్రెండూ కాదు బాబాయ్

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఏడాదికోసారైనా తిరిగొచ్చే ఫార్వర్డ్ ఒకటుంది, మీ గ్రూపుల్లోకీ వచ్చే ఉంటుంది. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ గారి గర్ల్‌ఫ్రెండ్ పేరు మార్గరెట్ హలో అట, ఫోన్ తయారవగానే ఆయన మొట్టమొదట ఆవిడ పేరే పిలిచాడట, అందుకే ప్రపంచమంతా ఫోనెత్తగానే ఆ పేరు తలుచుకుంటోందట, కింద ప్రేమ గురించి ఓ కొటేషను, రెండు గులాబీలు. ఈసారి పెట్టింది మా బాబాయ్. అది ఉత్తిదే బాబాయ్ అంటే "అయితే అసలుదేంటో నువ్వే చెప్పరా" అన్నాడు. గ్రూప్‌లో ఇంత పొడుగు టైప్ చేస్తే ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ మార్గరెట్ సంగతి తేల్చేద్దాం. బెల్ ప్రేమించిందీ పెళ్ళి చేసుకుందీ మేబెల్ హబ్బర్డ్ అనే అమ్మాయిని, 1877 జులై 11న పెళ్ళి. ఈవిడకి దాదాపు అయిదేళ్ళ వయసులో స్కార్లెట్ ఫీవర్ వచ్చి వినికిడి పోయింది, అవతలి మనిషి పెదాలు చూసి మాట అర్థం చేసుకునేది. బెల్ వాళ్ళమ్మకి కూడా సరిగ్గా వినపడేది కాదు, ఆయన అసలు ఉద్యోగమే చెవిటివాళ్ళకి మాటలు నేర్పించడం, మేబెల్ ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. అంటే ఫోన్‌లో ఏ పేరు పిలిచినా ఆవిడకి వినపడే అవకాశమే లేదు! పెళ్ళి కానుకగా మాత్రం బెల్ టెలిఫోన్ కంపెనీలో తన షేర్లలో పదంటే పది ఉంచుకుని మిగతావన్నీ ఆవిడ పేరున రాసేశాడు. నన్నడిగితే ఫార్వర్డ్ చేయాల్సిన ప్రేమకథ ఇది, కానీ దీనికి గులాబీలు పెట్టేవాడు లేడు.

ఇక ఫోన్‌లో మొదటి మాట, అది కూడా హలో కాదు. పేటెంట్ 1876 మార్చి 7న వచ్చింది, మూడు రోజుల తర్వాత 10వ తారీఖున బోస్టన్‌లో పక్క గదిలో ఉన్న అసిస్టెంట్‌ని బెల్ పిలిచిన పిలుపు, మిస్టర్ వాట్సన్ ఇలా రండి మీతో పనుంది అని, అంతే.

మరి హలో ఎక్కడ్నించి వచ్చింది అంటే, దానికి అప్పటి ఫోన్లు ఎలా పనిచేసేవో కాస్త తెలియాలి. మొదట్లో ఎక్స్ఛేంజీలు లేవు, నంబర్లు లేవు, చాలావాటికి గంట కూడా లేదు. ఒక ఆఫీసుకీ ఇంకో ఆఫీసుకీ మధ్య ఒకటే వైరు, లైను ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అవతల గదిలో మనిషి ఏదో పని చేసుకుంటూ ఉంటాడు, అతన్ని ఫోన్ దగ్గరికి రప్పించడం ఎలా? ఇదీ అసలు సమస్య. దీనికి ఎడిసన్ ఒక సలహా ఇచ్చాడు, అవును, బల్బు ఎడిసనే. 1877 ఆగస్టు 15న పిట్స్‌బర్గ్‌లో ఒక టెలిగ్రాఫ్ కంపెనీ ప్రెసిడెంట్ అయిన డేవిడ్ అనే ఆయనకి ఉత్తరం రాస్తూ, కాల్ బెల్ అవసరం ఉండదనుకుంటున్నా, హలో అని అరిస్తే 10 నుంచి 20 అడుగుల దూరం దాకా వినిపిస్తుంది అన్నాడు. చాలాకాలం ఎవరికీ పట్టని ఆ ఉత్తరాన్ని తర్వాతెప్పుడో బ్రూక్లిన్ కాలేజీ ప్రొఫెసర్ అలెన్ కోనిగ్స్‌బెర్గ్ ఏటీ అండ్ టీ అనే అమెరికా ఫోన్ కంపెనీ పాత కాగితాల్లోంచి బయటికి తీశాడు. ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే ఎడిసన్‌కి కూడా చెవుడే, అంచేత ఎంత గట్టిగా అరవాలి, ఏ మాట బాగా వినపడుతుంది అన్నది ఆయన కంటే బాగా ఎవరికి తెలుస్తుంది చెప్పండి.

బెల్‌కి ఇది నచ్చలేదు. ఆయన ఓటు అహోయ్‌కి, ఓడల మీద నావికులు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకునే కేక అది. హలో ఊరూరా పాకిపోయాక కూడా ఆయన మాత్రం చచ్చేదాకా అహోయ్ అనే అన్నాడు. ఫోన్ కనిపెట్టిన మనిషి మాటే ఫోన్‌లో చెల్లలేదన్నమాట. పోనీలెండి, ఆయనే గెలిచుంటే మా తాతయ్య ఫోనెత్తి "అహోయ్, ఎవరండీ" అనుండేవాడు.

అలాగని ఎడిసన్ ఈ మాట పుట్టించాడనుకోకండి, కొంతమంది అలా కూడా రాసేస్తున్నారు. అంతకుముందే ఉంది, ఈ స్పెల్లింగ్‌తోనే 1826లో అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలో ఒక పేపర్లో అచ్చయింది. దానికన్నా ముందు హాలో, హల్లో, హోలా, హాలూ ఇలా ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్ళు అన్నారు, వేట కుక్కల్ని ఉసిగొల్పడానికి, దూరంగా పోయేవాణ్ణి ఆపడానికి. ఇంకా వెనక్కి వెళ్తే పాత జర్మన్‌లో దీనికి చుట్టరికం చూపిస్తారు, ఏటి అవతల ఉన్న పడవవాణ్ణి ఇటు రమ్మని కేకేసే మాట. మనవాళ్ళు గట్టు మీద నిలబడి "ఓహోయ్" అని కేకేస్తారు చూడండి, సరిగ్గా అదే పని. అంటే మొదట్లో హలోకి పలకరింపుతో సంబంధమే లేదు, "ఇటు చూడు" అనో "ఆహా, ఇదేంటి" అని ఆశ్చర్యపోవడానికో వాడేవాళ్ళు. ఫోన్ వచ్చాకే అది మర్యాద నేర్చుకుంది.

1878లో అదే కనెటికట్‌లోని న్యూ హేవెన్‌లో ఎక్స్ఛేంజీ తెరిచారు, ఆ ఏడాది వేసిన ఫోన్ బుక్కులో ఎలా మాట్లాడాలో కూడా రాశారు, మొదలుపెట్టేటప్పుడు హలో అనాలి, అయిపోయాక "అంతే" అని చెప్పాలి అని. మొదటిది నిలిచింది, రెండోది ఎటో పోయింది. మనకి దాని అవసరం కూడా లేదులెండి, ఇంట్లోంచి బయల్దేరుతూ "వస్తా" అంటాం, ఫోన్ పెట్టేస్తూ "ఉంటా" అంటాం, ఇంగ్లీషువాళ్ళకి ఇది చెప్తే తల పట్టుకుంటారు. అది కూడా ఒక్కసారి అంటే సరిపోదు, "సరే ఉంటా మరి" అన్నాక ఇంకో పది నిమిషాలు మాట్లాడకపోతే మనవాళ్ళకి ఫోన్ మాట్లాడినట్టే ఉండదు.

మన దేశంలో 1882 జనవరి 28న మద్రాసు, కలకత్తా, బొంబాయిల్లో ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి, మాటా మెషినూ కలిసే దిగాయి. అయినా హలో అన్నది నిజంగా ఎందుకు పుట్టిందో తెలియాలంటే పక్కింటి ఫోన్ నంబరే మన నంబరుగా ఇచ్చుకునే పి.పి. నంబర్ల రోజులు చూసినవాళ్ళని అడగాలి. మా వీధి మొత్తానికి ఫోనున్న ఇల్లు ఒకటే, సగం వీధివాళ్ళ శుభలేఖల మీదా ఆ నంబరే, పక్కన పి.పి. అని. ఆ ఇంటి అత్తయ్య గారు గుమ్మంలో నిలబడి "దుబాయ్ నుంచి ఫోనూ" అని ఒక్క కేక పెడితే ఎవరింటికో అందరికీ తెలుసు, అంట్లు తోముకుంటున్న ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చేది. లేసు గుడ్డ మీద పడుకోబెట్టిన రిసీవర్ అందుకుని హలో, హలో, హలో అని మూడుసార్లు, ప్రతిసారీ ముందుకన్నా గట్టిగా, అవతల కూడా అవే హలోలు, మాట సముద్రం దాటి వచ్చేసరికి ఆలస్యమై ఒకరి హలో మీద ఒకరిది పడేది, నిమిషానికి ఎంత పోతోందో ఇద్దరికీ తెలుసు. ఎడిసన్ లెక్క ఇరవై అడుగులైతే ఆవిడ హలో నాలుగిళ్ళ అవతలికి వినపడేది.

అన్ని దేశాలవాళ్ళూ హలో అనరు, ఇటలీలో ప్రోంతో అంటారు, అంటే నేను రెడీ అని, జపాన్‌లో మోషి మోషి, జర్మనీలో చాలామంది ఇంటిపేరు చెప్పి ఊరుకుంటారు. ఫ్రాన్స్‌లో అలో ఉంది కానీ ఫోన్‌కే, ఎదురుపడితే అనరు. మనం రెండుచోట్లా అంటాం గానీ పెద్దవాళ్ళు ఎదురైతే హలో అంటే బాగోదు, నమస్తే అండీ అనాల్సిందే. "వాళ్ళతో మాకు హలో అంటే హలో" అన్నామంటే అంతకు మించి రాకపోకలు లేవని.

దీన్ని తీసేయాలని చూసినవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లీషులో ఆ మాట ముందర నరకం అన్న అర్థం వచ్చే ముక్క ఉందని 1997లో టెక్సస్‌లోని క్లెబర్గ్ కౌంటీవాళ్ళు స్వర్గం అన్న మాట తగిలించి హెవెనో అని పలకరించుకోవాలని తీర్మానం చేశారు. నవ్వకండి, నిజంగానే చేశారు. 2022లో మహారాష్ట్ర ప్రభుత్వం తన ఉద్యోగుల్ని ఫోన్‌లో హలోకి బదులు వందేమాతరం అనమంది. జీవోలతో నోటి అలవాటు మారుతుందని నాకైతే నమ్మకం లేదు.

మారితే ఫోన్ల వల్లే మారాలి, మారుతోంది కూడా. స్క్రీన్ మీద పేరు కనిపిస్తుంటే ఇంక హలో ఎందుకు, "ఆ చెప్పరా" అని ఎత్తేస్తున్నాం. తెలియని నంబరుకి, మైక్ టెస్టింగ్‌కి, గొడవలకి మిగిలింది. రేషన్ షాపు దగ్గర ఎవడన్నా మధ్యలో దూరితే "హలో, లైనుందండీ ఇక్కడ" అంటాం చూడండి, అది పలకరింపు కాదు కదా, పాత వేటగాళ్ళ కేకే. మా పిన్ని అయితే తెలియని నంబరైతే ఎత్తి ఊరికే చెవి దగ్గర పెట్టుకుంటుంది, మనం ముందు హలో అంటే చాలు పర్సనల్ లోను అంటగడతారని ఆవిడ భయం, అవతలివాళ్ళే ముందు అనాలి. మొన్న కొరియర్ అబ్బాయి కూడా అలాంటివాడే తగిలాడు, ఇద్దరూ చెరో వైపు కాసేపు మాట్లాడకుండా నిలబడి, చివరికి అతనే విసుగొచ్చి ఫోన్ కట్ చేసి గేటు దగ్గర్నించి "హలో మేడమ్" అని అరిచాడు.