34, 8

ఆదివారం. పొద్దున్న పెసరట్లు వేస్తుంటే మావాడు అట్లాసు తెచ్చి వంటగట్టు మీద పరిచాడు. బడిలో అక్షాంశాలు చెప్తున్నారట. "అమ్మా, ఉత్తరాన ఎక్కడిదాకా వెళ్లావు? దక్షిణాన?" శ్రీనగర్, కన్యాకుమారి అన్నాను. 34, 8 అని రాసుకున్నాడు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దాదాపు 2,900. ఇల్లు కదలదని పేరుపడ్డ మనిషిని, నాకే నవ్వొచ్చింది.

సాయంత్రం డాలస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అమెరికాలో ఉన్నాడు కాబట్టి గెలుపు తనదేననుకున్నాడు పాపం. డాలస్‌కి 33 కూడా నిండలేదు, శ్రీనగరే పైన ఉంది! ఒప్పుకోడే. విమానం గ్రీన్‌లాండ్ మీదుగా వెళ్లిందంటాడు. "కాలు మోపితేనే లెక్క మామయ్యా" అని మావాడు తేల్చేశాడు. దక్షిణానికి మాత్రం మెల్‌బోర్న్‌లో ఉన్న మా ఆడపడుచుతో పోటీయే లేదు. భూమధ్యరేఖ దాటి ఇంకో 38 డిగ్రీలు.

అప్పుడు గుర్తొచ్చింది నాయనమ్మ. రామేశ్వరం వెళ్లి, అక్కడి ఇసుక మూటగట్టుకుని కాశీలో గంగలో కలిపి, ఆ గంగనీళ్లతో మళ్లీ రామేశ్వరం వెళ్లి స్వామికి అభిషేకం చేయించింది. పాంబన్ వంతెన మీద రైలు పోతున్నంతసేపూ కళ్లు మూసుకుని రామా రామా అనుకుందట, సముద్రమే చూడలేదు. కాశీలో ఇష్టమైనది వదలాలి కదా, ఆవిడ వదిలింది కాకరకాయ. అంతకుముందు మాత్రం ఎప్పుడు తిన్నదని!

కాశీ 25, రామేశ్వరం 9. నాకంటే పది డిగ్రీలు తక్కువే. కానీ మేమంతా ఉద్యోగాలకో సెలవులకో పోయి ఆ గీతలు దాటినవాళ్లం. ఉత్తరమూ దక్షిణమూ రెండూ కావాలని బయల్దేరింది ఆవిడొక్కతే.

మావాడి పట్టికలో ఆవిడ పేరు నేనే రాశాను. వాడు పూజగదిలోంచి కాశీచెంబు తీసి చెవి దగ్గర ఊపాడు. మూత సీలు ఇంకా ఊడలేదు. "నీళ్లున్నాయమ్మా" అన్నాడు. ఇచ్చెయ్యరా బాబూ, ఒలికిస్తావు, అని లాక్కుని మళ్లీ గూట్లో పెట్టాను.

రేపటికి పప్పు నానబెట్టాలి.