పుల్ కొట్టే ముందు ఏం వస్తోందో చూడండి

కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పుల్ అంటే ఒక పని కాదు, రెండు. ముందు ఫెచ్ (సర్వర్ నుంచి కొత్త మార్పులు తెచ్చుకోవడం), వెంటనే మర్జ్ (వాటిని మన బ్రాంచిలో, అంటే మనం పనిచేస్తున్న కోడ్ శాఖలో కలపడం). వచ్చిన కోడ్ మన బ్రాంచిలో కలిసిపోయాక గానీ దాన్ని చూడం. అందుకే రెండూ విడివిడిగా చేయడం మేలు. ‘గిట్ ఫెచ్ ఆరిజిన్’ ఎన్నిసార్లు కొట్టినా మన ఫైళ్లలో ఒక్క అక్షరం మారదు. సర్వర్‌లోని మెయిన్ బ్రాంచి ఎక్కడుందో చెప్పే ఆరిజిన్/మెయిన్ అనే గుర్తు మాత్రం ముందుకు జరుగుతుంది.

తర్వాత ‘గిట్ లాగ్ --వన్‌లైన్ హెడ్..ఆరిజిన్/మెయిన్’. హెడ్ అంటే మనం ఇప్పుడున్న చోటు. అక్కడ ఉండి మన దగ్గర లేని కమిట్లు (భద్రపరచిన మార్పులు) వస్తాయి. అటూ ఇటూ తిప్పి రాస్తే, మనం ఇంకా పంపనివి వస్తాయి.

చాలామంది తికమకపడేది డిఫ్ (రెండు వెర్షన్ల మధ్య తేడా) దగ్గర. మీరు 40 లైన్ల కొత్త ఫైలు కమిట్ చేశారనుకోండి. అవతల ఒకరు టైమవుట్‌ను 30 నుంచి 5కి తగ్గించారు. ‘గిట్ డిఫ్ హెడ్..ఆరిజిన్/మెయిన్’ కొడితే మీ 40 లైన్లూ మైనస్‌లతో ఎర్రగా కనిపిస్తాయి. మీ ఫైలు ఎవరో తీసేశారని కంగారు పుడుతుంది. నిజానికి ఎవరూ తీయలేదు. రెండు చుక్కల డిఫ్ రెండు బ్రాంచీల కొసలను నేరుగా పోలుస్తుంది, అంతే. మూడు చుక్కలు పెట్టండి: ‘హెడ్...ఆరిజిన్/మెయిన్’. బ్రాంచీలు విడిపోయిన చోటు నుంచి అవతల ఏం మారిందో అదే చూపిస్తుంది. ఇప్పుడు ఆ టైమవుట్ లైన్ ఒక్కటే మిగులుతుంది, మీరు ఆలోచించాల్సిందీ దాని గురించే. లాగ్‌లో మాత్రం మూడు చుక్కలకు అర్థం వేరు: రెండు వైపుల కమిట్లూ కలిపి ఇస్తుంది.

డిఫ్ పెద్దదైతే ముందు ‘--స్టాట్’తో ఏ ఫైలులో ఎన్ని లైన్లు మారాయో చూడండి. ఇండెంటేషన్ మార్పుల గోల ఎక్కువగా ఉంటే ‘-డబ్ల్యూ’ దాన్ని దాచేస్తుంది, కానీ పైథాన్‌లో ఇండెంటేషనే అర్థం కాబట్టి అక్కడ వాడకండి. టెస్టు ఫైళ్లలో మైనస్ లైన్లు కనిపిస్తే ఆగి చదవాల్సిందే. ఇంకో సంగతి, ‘గిట్ లాగ్ -పి’ మామూలుగా మర్జ్ కమిట్ల డిఫ్ చూపించదు. కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు వైపులా చేసిన మార్పులు తగులుకోవడం) సరిచేస్తూ చేతితో మార్చినవి అక్కడే నక్కి ఉంటాయి. 2022లో వచ్చిన గిట్ 2.36 నుంచి ‘--రీమర్జ్-డిఫ్’ వాటిని బయటపెడుతుంది.

కాన్‌ఫ్లిక్ట్ రాలేదంటే అంతా బాగున్నట్టు కాదు. అవతల ఒక ఫంక్షన్ పేరు మార్చారు, మీరు వేరే ఫైలులో పాత పేరుతోనే కొత్తగా పిలిచారు. లైన్లు తగులుకోవు కాబట్టి గిట్ నిశ్శబ్దంగా కలిపేస్తుంది, కోడ్ మాత్రం విరుగుతుంది. దీనికి నాకు తెలిసిన నమ్మకమైన మందు, కలిపి చూడటమే. మీ పని అంతా కమిట్ చేసి, ‘గిట్ మర్జ్ --నో-కమిట్ --నో-ఎఫ్ఎఫ్ ఆరిజిన్/మెయిన్’ కొట్టండి. రెండో ఫ్లాగ్ మరిచిపోతే, మీ వైపు కొత్త కమిట్లు లేనప్పుడు ఫాస్ట్ ఫార్వర్డ్ అయిపోతుంది (మర్జ్ కమిట్ లేకుండానే మన బ్రాంచి ముందుకు జరుగుతుంది), మొదటి ఫ్లాగ్ దాన్ని ఆపలేదు. బిల్డ్, టెస్టులు నడపండి. బాగుంటే కమిట్, లేదంటే ‘గిట్ మర్జ్ --అబార్ట్’.

ఒక బ్రాంచిని మర్జ్ చేసి పుష్ (సర్వర్‌కు పంపడం) కూడా అయిపోయాక తప్పు తేలితే ‘గిట్ రివర్ట్ -ఎం 1’తో వెనక్కి తీయొచ్చు. అయితే ఆ బ్రాంచిని సరిచేసి మళ్లీ మర్జ్ చేస్తే కొత్త కమిట్లే వస్తాయి, పాత మార్పులు రావు. చరిత్ర ప్రకారం అవి ఇప్పటికే కలిశాయి కదా. ముందు ఆ రివర్ట్‌నే రివర్ట్ చేయాలి.