ఏనుగు కుదిరింది, ఆకులు పోయాయి

ఆదివారం.

పొద్దున్నే నాన్నని తీసుకుని తిరుమలగిరి లాల్‌బజార్‌కి వెళ్లాను. వచ్చే నెల వాళ్ల బెటాలియన్ పాతవాళ్లంతా కలుస్తున్నారు. మద్రాస్ రెజిమెంట్, 1987లో భారత శాంతి సేనలో శ్రీలంక వెళ్లిన జట్టు. టోపీల మీదకి ప్యాచ్‌లు కుట్టించే పని నాన్న నెత్తిన పడింది, సికింద్రాబాద్‌లో ఉన్నది ఆయనొక్కరే కాబట్టి.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ కుర్రాడు శాంపిల్ కుట్టి ఉంచాడు. మధ్యలో రెజిమెంట్ గుర్తు, అంటే ఏనుగు, రెండు కత్తులు, పైన ఆ లంక ఆపరేషన్ పేరు ‘ఆపరేషన్ పవన్ 1987–90’, కింద రెజిమెంట్ నినాదం ‘స్వధర్మే నిధనం శ్రేయః’, చుట్టూ ఆకుల దండ. ఏనుగు బాగా వచ్చింది, దారం వాలు మారిన చోట తొండం మడత కూడా తెలుస్తోంది. కింది అక్షరాలే ముద్దయిపోయాయి. దేవనాగరి పైగీత, ఒత్తులు, విసర్గ అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. మూడంగుళాల్లో ఇంతకన్నా రాదు, ఏదో ఒకటి తీసెయ్యాలి సార్ అన్నాడు.

ఇంక ఫోన్లు మొదలు. పాలక్కాడ్ నుంచి ఒకరు, మదురై నుంచి ఒకరు. హిందీలో మొదలై తమిళంలోకి, మలయాళంలోకి పోయింది. విసుక్కోవడం మాత్రం నాన్న తెలుగులోనే. సర్వీసులో ఈ తలనొప్పి లేదు, ఏ గుర్తు పెట్టుకోవాలో పైవాళ్లే చెప్తారు. ఈ ఊరి 54వ డివిజన్ అడవిదున్న గుర్తు లంకలో నాన్న భుజం మీద ఉండేది, పోస్టింగ్ మారగానే తీసేశారు. రిటైరయ్యాకే ఎవరి గుర్తు వాళ్లు తేల్చుకోవాలి. ఇంత పట్టుదల అందుకేనేమో. దాదాపు పన్నెండు వందల మంది తిరిగిరాని ఆపరేషన్ ఆ పవన్, బయట తలుచుకునేవాళ్లు తక్కువ. ఆ పేరూ సంవత్సరాలూ ఉండాలన్న దగ్గర మాత్రం ఎవరూ నోరెత్తలేదు.

చివరికి ఆకులు పోయాయి. “అసలు ఆకులెవడడిగాడు?” అన్నారు నాన్న. కుర్రాడు ఫోన్‌లో ఒక పుర్రె బొమ్మ చూపించి, అమెరికాలో మాజీ సైనికులు జాకెట్ల మీద ఇలాంటివి వేసుకుంటారు సార్ అన్నాడు. నాన్న చూసిన చూపుకి ఫోన్ జేబులోకి పోయింది.

ఇస్త్రీతో అతికించేవి వద్దు, నాలుగు ఉతుకులకే అంచులు లేస్తాయి, కుట్టేవే కావాలన్నారు. మిగిలిన ముక్కలు షాపులో ఉంచనని, ఎవరికీ అమ్మనని కుర్రాడి చేత రెండుసార్లు చెప్పించుకున్నారు. అడ్వాన్స్ ఇచ్చి బయటపడేసరికి ఒంటిగంట.

కొత్త శాంపిల్ గురువారం వస్తుంది. పాలక్కాడ్ అంకుల్ అప్పుడే ఏనుగు దంతాల రంగు మీద మెసేజ్ పెట్టారు.