పాత టెండన్ దెబ్బ, రాణి గిట్టలు

గుర్రం కాలికి టెండన్ (కండను ఎముకకు కలిపే తాడులాంటి పోగుల కట్ట) దెబ్బ తగిలిందంటే మా కోవూరు వైపు అందరి కళ్లూ మోకాలి కింద వాపు మీదే ఉంటాయి. పసుపు పట్టు వేస్తారు, నూనె రుద్దుతారు, గట్టిగా గుడ్డ చుడతారు. వాపు తీసి, కుంటు పోయేసరికి నయమైపోయిందనుకుని మళ్లీ పెళ్లి ఊరేగింపులకు తోలుకెళ్తారు. గిట్ట సంగతి ఎవరికీ పట్టదు. పాత దెబ్బ తిరగబెట్టకూడదంటే ముందు చూసుకోవాల్సింది గిట్టనే అని నేను గట్టిగా నమ్ముతాను.

మా రాణి ఒకప్పుడు రేసుల్లో పరిగెత్తిన గుర్రం. ఎడమ ముందుకాలికి వెనకవైపు, మోకాలికీ కింది కీలుకూ మధ్య, విల్లు వంగినట్టు ఇప్పటికీ ఉబ్బు కనిపిస్తుంది. రోజూ పొద్దున దాణా పెట్టే ముందు ఆ కాలు ఎత్తి పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య టెండన్‌ను పై నుంచి కిందికి మెల్లగా నొక్కుతూ వస్తాను. తర్వాత కుడికాలు. రెండు కాళ్ల మీదా చేతి వెనకభాగం ఆనించి వేడి చూస్తాను. ఉబ్బు దగ్గర వేలికి గట్టిగా తగులుతుంది. తెగిన పోగులు మానిన మచ్చ అది. మానడానికి ఏడాది పట్టినా, మునుపటిలా సాగే గుణం మాత్రం దానికి రాదు. అందుకే అక్కడో, ఆ పక్కనో మళ్లీ తెగే ప్రమాదం ఎప్పుడూ పొంచే ఉంటుంది.

గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లాడం ఉన్న గిట్టకు మడమలు అడుగు వేసినప్పుడల్లా కొద్దిగా విచ్చుకుని, లాడానికి రాసుకుని అరుగుతాయి. ముందు మొన అలా అరగదు. వారాలు గడిచేకొద్దీ మొన ముందుకు సాగిపోతుంది, మడమ కిందికి దిగిపోతుంది. కాలు లేపేటప్పుడు గిట్ట ఆ మొన మీదుగానే దొర్లాలి. మొన ఎంత పొడుగైతే వెనకనున్న టెండన్ల మీద లాగుడు అంత పెరుగుతుంది. లాడం ఊడలేదు కదా అని మూడు నెలలు ఊరుకునే వాళ్లను చూస్తే నాకు టెన్షన్ వచ్చేస్తుంది. రాణికి అయిదు వారాలు దాటనివ్వను.

ఒంగోలు వైపు ఎద్దులకు లాడాలు కొట్టే పనివాళ్లు ఉన్నారు. కానీ ఆ పని వేరు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, ఒక్కో చీలికకు ఒక్కో రేకు, ఎద్దును పడేసి కాళ్లు కట్టి కొడతారు. గుర్రాన్ని నిలబెట్టే కొట్టాలి. మాకు కొట్టే సాయిబు మామ ముందు రాణిని సిమెంటు గచ్చు మీద సమంగా నిలబెట్టిస్తాడు. నాలుగడుగులు దూరం పోయి పక్కనుంచి చూస్తాడు. గిట్ట ముందు వాలూ, దానిపై ఎముక వాలూ ఒకే గీతలో ఉండాలి. మొన పెరిగితే ఆ గీత గిట్ట దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. ఊడదీసిన పాత లాడాలను పక్కపక్కన పెట్టి, ఎక్కడ అరిగాయో వేలితో తడుముతాడు. "కుడికాలి మీద బరువు ఎక్కువేస్తా ఉండాది చూడబ్బయా" అంటాడు. బాగున్న కాలిని కూడా కాపాడుకోవాలని నాకు చెప్పింది ఆయనే.

మొన కోసి, ఆకురాయి పట్టాక, కొత్త లాడం ముందు అంచును గుండ్రంగా అరగదీసి, మొనకు కాస్త వెనక్కి పెడతాడు. కాలు తేలిగ్గా దొర్లడానికి. లాడం చివరలు మడమకు ఆనుగా కాస్త పొడుగ్గా వదులుతాడు. మేకులన్నీ గిట్ట బాగా వెడల్పుగా ఉండే చోటికి ముందువైపే, మడమ విచ్చుకునే వీలు పోకూడదని. సుత్తి దెబ్బ ఖణేల్‌మంటే మేకు గట్టి గోడలోకి పోతున్నట్టు. శబ్దం మెత్తబడిందంటే వెంటనే పీకేస్తాడు.

మడమ కింద తోలుముక్క పెట్టి ఎత్తు చేయించమని చాలామంది సలహా ఇస్తారు. కాలి వెనక టెండన్లు రెండుంటాయి. మడమ ఎత్తు చేస్తే లోపలిదానికి లాగుడు తగ్గుతుంది. చర్మానికి దగ్గరగా ఉన్నదానికి ఆ మేలు లేదు, దాని మీద భారం ఇంకాస్త పెరగొచ్చు కూడా. రాణికి తెగింది పైదేనని స్కానింగ్‌లో తేలింది, కాబట్టి మేం ఎత్తు పెట్టలేదు. స్కానింగ్ లేకుండా ఎవరూ ఈ పని చేయించవద్దు, దయచేసి.

అలాగే ఇసుక. మైపాడు బీచ్‌కో, పెన్నలోకో తీసుకెళ్లి పరిగెత్తిస్తే మెత్తగా ఉంటుంది, కాలికి హాయి అంటారు. పొడి ఇసుకలో గిట్ట దిగబడి, ప్రతి అడుగూ పీక్కోవాల్సి వస్తుంది. అలసిన కాలికి టెండన్ తెగేది అలాంటి చోటే. అల తగిలి గట్టిపడిన తడి ఇసుక మీద, అదీ నడక మాత్రమే.

మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. గిట్ట నాని మెత్తబడితే మేకులు వదులవుతాయి, అడుగున పుత్లీ (గిట్ట మధ్యలో ఉండే మెత్తని మూడుమూలల భాగం) దగ్గర నల్లగా కుళ్లి కంపు కొడుతుంది. ఆ నెలల్లో పూటపూటా గిట్టలు గీకి శుభ్రం చేస్తాను. ఈసారి కొట్టంలో ఊక ఇంకా మందంగా పరవాలి, మామను నాలుగు వారాలకే రమ్మనాలి.