సున్నాకి 40 రూపాయలు

భోజనం చేసి వచ్చేసరికి మా ప్రోగ్రామ్‌లో తప్పుందని ఫిర్యాదు, అదే టికెట్, ఒకటి వచ్చి కూర్చుంది. ఉచిత డెలివరీ అని చూపించిన ఆర్డర్లకి కూడా బిల్లులో 40 రూపాయలు పడుతున్నాయట. పాపం, అప్పటికే సపోర్ట్ వాళ్లు కస్టమర్ల చేత తిట్లు తింటున్నారు.

వెతగ్గా వెతగ్గా దొరికింది ఒకే ఒక్క లైను. ఛార్జి ఉంటే అది తీసుకో, లేకపోతే 40 వేసుకో అని జావాస్క్రిప్ట్‌లో || పెట్టి రాశారు. రాసినాయన ఉద్యోగం మారి చాలా కాలమైంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ ఆ గుర్తు లెక్కలో సున్నా, ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరం కూడా లేని పాఠం), ఫాల్స్ (కాదు అనే విలువ) అన్నీ లేనట్టే. ఉచిత డెలివరీకి ఛార్జి సున్నా. ఇంకేముంది, 40 తగిలించేసింది!

జావాస్క్రిప్ట్ 2020 ప్రమాణంలో వచ్చిన ?? అనే గుర్తు అయితే నల్, అన్‌డిఫైన్డ్, అంటే అసలు విలువే లేదనేవి, వచ్చినప్పుడే పక్కదానికి వెళ్తుంది, సున్నా జోలికి పోదు. అలాగని కళ్లు మూసుకుని మార్చేయకూడదు. విలువ ఫారం నుంచి ఖాళీ స్ట్రింగ్‌గా వస్తే దాన్నీ అలాగే వదిలేస్తుంది. ఇక్కడ డేటాబేస్ నుంచి సంఖ్యగానే వస్తోందని చూసుకుని మార్చాను.

అదే ఫైల్లో కింద ~~ కనబడింది. పాయింటు తర్వాత అంకెలు కోసేయడానికట. అదే పని చేసే మ్యాథ్.ట్రంక్ అని పేరు పెట్టి రాస్తే ఎవరైనా కొడతారా? పైగా ~~ సంఖ్యని 32 బిట్లకి కుదిస్తుంది. 2147483647 దాటితే వచ్చేది చెత్తే. ధరలు అంత దూరం వెళ్లవు, నిజమే. రేపెవరో ఇది చూసి మిల్లీసెకన్లలో ఉన్న టైముకి వాడితేనో?

పక్క సీటు తమ్ముడికి ఒక సందేహం. "అన్నా, ఇలా షార్ట్‌కట్లు మానేసి విడమరిచి రాస్తే ఫైలు బరువెక్కదా?" బిల్డ్ అయిన ఫైలు, అంటే చివరికి వాడకానికి తయారయ్యేది, తెరిచి చూపించాను. నేను రాసిన ఇఫ్, ఎల్స్‌ని కోడ్ కుదించే టెర్సర్ అనే టూల్ నొక్కేసి టెర్నరీ (? : గుర్తులతో ఒక్క ముక్కలో రాసే ఇఫ్, ఎల్స్) చేసింది, పొడుగు పేర్లన్నీ ఒక్కో అక్షరం అయ్యాయి. కుదించే పని మిషన్ చేస్తున్నప్పుడు మనకెందుకు ఆ తాపత్రయం?

మా టీమ్ లీడ్ మాత్రం టెర్నరీలే వద్దన్నారు. నాకది మరీ చాదస్తం అనిపించింది. ఒకటుంటే హాయిగా చదువుకోవచ్చు, ఒకదాన్లో ఒకటి దూర్చినప్పుడే తలనొప్పి. ?? కూడా షార్ట్‌కట్టేగా, దానికి లేని అభ్యంతరం దీనికెందుకు?

ఛార్జి సున్నా ఉన్న ఆర్డర్‌కి టెస్టు ఒకటి చేర్చి రివ్యూకి పంపాను. ~~ని వేరే టికెట్‌గా పెట్టమన్నారు. పెట్టాను. దాన్ని ఎవరు ముట్టుకుంటారో చూడాలి.