నక్షత్రాలకు అవతలి నుంచి

మ్యూజియంలో నక్షత్రాలను బంతిపై చూపే ఒక పాత ఖగోళ గోళం ముందు చాలాసేపు నిలబడిపోయాను. సప్తర్షి మండలం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది! మనం ఆకాశాన్ని లోపలి నుంచి చూస్తాం. గోళం చేసినవారు మనల్ని నక్షత్రాలకు అవతల నిలబెట్టి చూపిస్తారు. ఎంత సాహసమైన ఊహ!

పనితనం ఇంకా గొప్పది. కోసుగా ఉండే పటాల పట్టీలు, సాధారణంగా 12, అచ్చువేసి బంతిపై ముడత పడకుండా అతికించాలి. జిగురుకు తడిసిన కాగితం సాగుతుంది, అయినా గీతలు కలవాలి. 16వ శతాబ్దం చివరి నుంచి కాశ్మీర్, లాహోర్ లోహకారులైతే మైనపు అచ్చుతో అతుకే లేని బోలు గోళాలు పోతపోశారు. నా దృష్టిలో అంతకు మించిన నేర్పు లేదు.

1492లో నురెంబర్గ్‌లో మార్టిన్ బెహైమ్ చేయించిన భూగోళంపై అమెరికా లేదు. దాన్ని తప్పు అనడానికి మనసొప్పదు. కొలంబస్ తొలి యాత్ర నుంచి తిరిగి వచ్చింది 1493లో కదా.