మార్జిన్‌లో పెన్సిల్ తేదీలు

ఐదున్నరకి మొదటి బెల్లు, ఆరింటికి రెండోది. ఆ రెండింటి మధ్య అరగంటని మా హాస్టల్లో క్వైట్ టైమ్ అనేవాళ్లం. ఎవరి బైబిలు వాళ్లు తీసుకుని వరండాలోనో, మెట్ల మీదో, మంచం మీదో కూర్చోవాలి. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. స్కూల్లో నేర్చుకున్న లెక్కలు చాలావరకు మర్చిపోయాను గానీ ఆ అరగంట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఉందని తేలిగ్గా రాసేశాను. మధ్యలో ఒకసారి దాన్ని పూర్తిగా వదిలేశాను. అది మళ్లీ నాకెలా దొరికిందో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

ఎనిమిదో తరగతిలో ఉండగా మూడు రోజులు ఉజ్జీవ కూటాలు, అంటే చల్లారిన భక్తిని మళ్లీ రగిలించే సభలు, జరిగాయి. ఆఖరి రాత్రి, ప్రభువును వెంబడిస్తామని తీర్మానం చేసుకున్నవాళ్లు లేచి నిలబడమన్నారు. నేను నిలబడ్డాను, ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదేనని ఈ రోజుకీ నమ్ముతాను. ఆ ఊపులోనే ఏడాదిలో బైబిలంతా పూర్తి చేస్తానని దేవునికి మాటిచ్చాను. 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. రోజుకి మూడు, ఆదివారం ఐదు చదివితే సరిపోతుందని నోట్సు వెనక లెక్క వేసుకున్నాను. ఆదికాండం పరుగులు పెట్టింది. ఎర్రసముద్రం దాటేదాకా బాగానే ఉంది. ఇశ్రాయేలీయులు ఆరాధన కోసం వేసుకున్న ప్రత్యక్షగుడారం కొలతల దగ్గర నెమ్మదించాను. లేవీయకాండంలో ఆగిపోయాను.

ఆగిపోవడం అంత పెద్ద తప్పు కాదు, ఆ తర్వాత చేసిందే తప్పు. మా గది తలుపు వెనక ఒక చార్టు ఉండేది. ఆ రోజు చదివినవాళ్లు తమ పేరుకెదురుగా టిక్కు పెట్టాలి. చదవకుండానే టిక్కు పెట్టడం మొదలుపెట్టాను. మొదటి రోజు చెయ్యి వణికింది, వారం తిరిగేసరికి అదీ పోయింది. బైబిలు ఒళ్లో తెరిచి పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంటే చూసేవాళ్లకి ప్రార్థనలాగే కనిపిస్తుంది.

మాకు స్క్రిప్చర్ చెప్పే టీచర్‌గారే వార్డెన్ కూడా. ఒక సాయంత్రం నన్ను పిలిచి, "ఈ వారం ఏం చదివావమ్మా? ఒక్క మాట చెప్పు చాలు" అన్నారు. ఆ ఒక్క మాట కూడా నా నోటి నుంచి రాలేదు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆ మౌనం భరించలేక నేనే మొత్తం చెప్పేశాను, చార్టు సంగతితో సహా.

తిడతారనుకున్నాను. తన బైబిలు తీసి నా చేతికిచ్చారు. అంచులు నలిగి మెత్తబడిపోయాయి, వీపున గుడ్డ అతికించి ఉంది. పేజీ తిప్పితే మార్జిన్‌లో పెన్సిల్‌తో, చీమ తలంత అక్షరాలతో తేదీలు. ఏ రోజు ఎక్కడ ఆపితే అక్కడ ఆ రోజు తేదీ వేసుకునేవారట. యెహెజ్కేలు దాకా తిప్పి ఒక అధ్యాయం మధ్యలో వేలు పెట్టారు. అక్కడ ఫిబ్రవరి తేదీ ఒకటి ఉంది. దాని కింది వచనం పక్కనున్న తేదీ జులైది.

"ఈ ఐదు నెలలు బైబిలు తెరవలేదమ్మా. మా నాన్నగారు పోయిన సంవత్సరం అది" అన్నారు.

"మళ్లీ ఎక్కడ మొదలుపెట్టారు, టీచర్?"

"ఆపిన చోటే. చూడు, తర్వాతి వచనమే."

ఆ రెండు తేదీల మధ్య వేలెడు జాగా కూడా లేదు. ఐదు నెలల దూరం పేజీ మీద ఒక్క గీత ఎడంలో ఉంది. ఆదికాండానికి తిరిగి వెళ్లలేదు, శిక్షగా రోజుకి పది అధ్యాయాలు చదవలేదు. దేవుడు అక్కడే ఉన్నాడన్నట్టు తర్వాతి వచనం చదివారు, అంతే. ఆ రాత్రే నేను లేవీయకాండం తెరిచి, ఆపిన చోట పెన్సిల్‌తో తేదీ వేశాను. మర్నాడు తలుపు వెనక చార్టు లేదు. ఎందుకు తీసేశారని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆ వారం క్లాసులో మత్తయి 16:24, మార్కు 8:34, లూకా 9:23 మూడూ ఒకేసారి తెరిపించారు. సిలువను ఎత్తుకుని నన్ను వెంబడించమని ప్రభువు చెప్పిన సందర్భమే మూడు చోట్లా. లూకాలో మాత్రమే ఉన్న మాటేమిటో వెతకమన్నారు. "ప్రతిదినము." అప్పటిదాకా నేను ఆ కూటాల రాత్రిని తలుచుకుంటూ, అప్పటి మంట ఏమైపోయిందా అని టెన్షన్ పడేదాన్ని. టీచర్‌గారు నిర్గమకాండం 16 చదివి వినిపించారు. ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడు కురిపించిన ఆహారం మన్నా. దాన్ని ఏ రోజుకా రోజే ఏరుకోవాలి, మర్నాటికని దాచుకుంటే పురుగు పడుతుంది. ఒక్క విశ్రాంతి దినం కోసం మాత్రమే ముందు రోజు రెండింతలు. ఆ కూటాల రాత్రి దొరికింది మన్నానే, కానీ అది ఆ రాత్రిదే అని అర్థమైంది.

దానియేలు గురించి చెప్పినదీ మర్చిపోలేను. 30 రోజులు రాజుకి తప్ప ఇంకెవరికీ మనవి చేయకూడదని, చేస్తే సింహాల గుహలో పడేస్తారని శాసనం వచ్చింది. సంతకమైందని తెలిసి కూడా ఆయన ఇంటికెళ్లి యథాప్రకారముగా రోజుకి మూడుసార్లు మోకరించాడు. సింహాల గుహ గురించి మేమంతా బొమ్మలు వేసేవాళ్లం. ఆవిడ మాత్రం "యథాప్రకారముగా" అన్న ఒక్క మాట మీద పీరియడంతా గడిపారు.

రోజంతా అయ్యాక మమ్మల్ని ఒక ప్రశ్న అడిగేవారు: "పొద్దున చదివింది ఎవరికి పనికొచ్చింది?" యోహాను 13 చదివిన రోజు రాత్రి, జ్వరంతో ఉన్న చిన్నపిల్ల ఒకతి పడకలోనే వాంతి చేసుకుంది. మేము ముక్కు మూసుకుని ఎవరు లేస్తారా అని చూస్తుండగానే ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని నేల తుడుస్తున్నారు. శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు గురించి పొద్దున నాతో పాటు చదివినవాళ్లు ఆ గదిలో పన్నెండు మందిమి ఉన్నాం. బకెట్టు అందుకోవడానికి మొదట లేచింది నేనే అని రాయగలిగితే బాగుండేది. నాలుగో దాన్ని.

శిష్యుడు అనే మాటకి కొత్త నిబంధన గ్రీకులో నేర్చుకునేవాడు అని అర్థమట. ఆ బడి వదిలి చాలా ఏళ్లయినా నేనింకా విద్యార్థినే. ఉద్యోగం, పిల్లలు, ఆసుపత్రి వరండాల్లో గడిపిన ఒక ఏడాది, అన్నీ వచ్చాయి. నా బైబిల్లోనూ ఖాళీలున్నాయి. అన్నిటికన్నా పెద్దది తొమ్మిది నెలలు. రాబర్ట్ మర్రే మక్‌చేన్ అనే స్కాట్లాండ్ పాస్టరు గురించి తర్వాత చదివాను. రోజుకి నాలుగు అధ్యాయాల చొప్పున ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తయ్యే పట్టికని 1842లో తన సంఘం కోసం తయారుచేశాడు. ఇప్పటికీ ఎంతోమంది దాన్నే వాడుతున్నారు. లాభాలు చెప్పకముందే దాని ప్రమాదాలు రాశాడాయన: ఆచారంగా మారిపోవడం, చదివేశాం కదా అని మనల్ని మనమే నీతిమంతులమనుకోవడం, ధ్యాస లేకుండా చదవడం, కొందరికి మోయలేని కాడి కావడం. అది చదువుతుంటే తలుపు వెనక చార్టు కళ్ల ముందు కదిలింది.

ఈ ఉదయం నెహెమ్యా 3 చదివాను. యెరూషలేము గోడని తిరిగి కట్టినవాళ్ల పేర్ల జాబితా అది. ఇదివరకు దాన్ని దాటేసేదాన్ని. ఒకడు తన ఇంటికెదురుగా ఉన్న భాగం బాగుచేశాడు, ఇంకొకడూ తన ఇంటికెదురుగానే. 12వ వచనంలో షల్లూము కూతుళ్లు కూడా ఉన్నారు. పేర్లు రాయలేదు గానీ కట్టారని రాశారు. అక్కడే ఆగి తేదీ వేశాను. పెన్సిల్ మొద్దుబారింది, చెక్కి పుస్తకంలోనే పెట్టాను, రేపటికి.